హౌసింగ్‌లో లేని ఆయిల్

గుంటూరు బ్రాడీపేటలోని డిటెక్టివ్ అనంతపద్మనాభం ఆఫీసుకి ఆ ఉదయం వచ్చిన మనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. పద్మనాభం ఎలాగూ కూర్చునే రకం కాదు. ఇద్దరూ నిలబడే ఉంటే, అసిస్టెంట్ క్రీస్తుదాసు తానొక్కడే కూర్చోవడానికి మొహమాటపడి లేచాడు. మార్చి నెల, రెండువేల నాలుగో సంవత్సరం. యార్డుకొచ్చిన మిర్చి ఘాటు గాల్లో కలిసి ఊరంతా తుమ్ముతోంది.

"నేను ఆయిల్ పోశానో లేదో మీరు కనిపెట్టాలి సార్," అన్నాడు వచ్చినతను.

"పోయాల్సిందెవరు?"

"నేనే. పోశానో లేదో నాకే తెలియడం లేదు."

పద్మనాభం పచార్లు ఆపాడు. అదే పెద్ద విశేషమని క్రీస్తుదాసుకి తెలుసు.

అతని పేరు కరీముల్లా. ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు ఉంది. కారు రేసుల్లో పాల్గొనే బిందుమాధవి అనే అమ్మాయి, మద్రాసు పోటీకి ముందు తన కారు అతనికి ఇచ్చింది. ఇంజన్ బలం నాలుగు చక్రాలకీ వెళ్ళే కారది. గేర్‌బాక్సుకి ఒక ఆయిల్, వెనక చక్రాల మధ్య గేర్లుండే హౌసింగ్‌కి ఇంకో ఆయిల్. అన్నీ మార్చమంది. కారు ఇంటికి తీసుకెళ్ళిన మర్నాడే మద్రాసు బయల్దేరింది. ఒంగోలు ఇవతల, మంచి వేగంలో ఉండగా వెనక చక్రాలు పట్టేశాయి. కారు దొర్లి పొగాకు చేలో పడింది. అమ్మాయి కుడికాలు విరిగింది. తర్వాత చూసిన మెకానిక్, ఊడిన వెనక చక్రం సందులోంచి టార్చి వేసి, గేర్లు మాడిపోయాయనీ హౌసింగ్‌లో చుక్క ఆయిల్ లేదనీ అన్నాడు.

"వాళ్ళ నాన్నగారు కేసు పెట్టారు సార్. ఎస్సై గారు సోమవారం రమ్మన్నారు. జైలుకి పంపితే పోతాను, అది కాదు. ఆ పిల్ల కాలు నా మతిమరుపు వల్ల విరిగిందా లేదా, అది తెలియాలి. పానా ముట్టుకోవాలంటే భయమేస్తోంది. షెడ్డుకి తాళం వేశాను."

"ఆయిల్ ఎలా మారుస్తావు? అన్నీ వరసగా చెప్పు."

"పైన నింపే బోల్టు ఉంటుంది, కింద దించే బోల్టు. పాతది దించి, కింది బోల్టు బిగించి, పైనుంచి కొత్తది పోస్తాం. కన్నంలో వేలు పెడితే అంచు దాకా తగలాలి. అప్పుడు పైది బిగించి, రెండు బోల్టుల మీదా తెల్ల పెయింటు గీత గీస్తాను. బోల్టు ఏమాత్రం కదిలినా గీత తెగిపోతుంది."

"ఈ కారుకి గీశావా?"

"గీసే ఉంటాను. రోజూ చేసే పని సార్, చేతులే చేసుకుపోతాయి. పాతది దించాక అన్నానికి వెళ్ళాను. వచ్చాక పోశాననే అనుకుంటున్నాను. పోయకుండానే గీత గీశానేమోనని అనుమానం. కారు దగ్గరికి వాళ్ళు నన్ను రానివ్వడం లేదు."

"పద, ఇప్పుడే వెళ్దాం," అని పద్మనాభం బిందుమాధవికి ఫోన్ చేసి నాలుగు మాటలు అడిగి చెప్పులేసుకున్నాడు. కాఫీ ఇంకా గ్లాసులోనే ఉంది.

బిందుమాధవిది చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కనున్న ఊరు. ఇంటి ముందు కళ్ళంలో మిర్చి ఆరబోసి ఉంది. వసారాలో పత్తి బోరాల పక్కన మంచం మీద, కాలికి కట్టుతో ఆమె కూర్చుని ఉంది. కరీముల్లాని చూడగానే తండ్రి అంకమ్మరావు తువ్వాలు భుజానేసుకుని లేచాడు.

"ఏ మొహం పెట్టుకుని వచ్చావురా? పిల్లని మంచాన పడేసింది చాలలేదా?"

"నేనే రమ్మన్నాను నాన్నా," అంది బిందుమాధవి. "డిటెక్టివ్ గారు ఫోన్ చేశారు. చూడనీ."

మంచం పక్కన స్టూలు మీద ఇంకో కుర్రాడున్నాడు. శ్రీకృష్ణ. ఆమెకి వరసకి బావ. రేసుల్లో ప్రతిసారీ ఆమె వెనక రెండో స్థానంలో వచ్చేవాడు. పద్మనాభం కళ్ళు అతని మీద ఆగాయి.

"ప్రమాదానికి ముందు రోజు సాయంత్రం మీరు ఇక్కడికి వచ్చారటగా?"

"వచ్చానండి. కారు కిందికి దూరి చూశాను కూడా. ఆవిడ కారులో కొత్తగా ఏం చేయించిందో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. కానీ నేను ముట్టుకోలేదు."

"కారులో ఆ రోజు ఏదైనా చప్పుడు వినిపించిందామ్మా?"

"రేసు సైలెన్సరండి. దాని మోతకి లోపల పిడుగు పడినా వినపడదు," అంది బిందుమాధవి.

"ఈ పోటీలకి వెళ్ళడం ఇంట్లో ఇష్టమేనా?"

"నాన్నకి భయం. కానీ ఒక్కసారి కూడా వద్దనలేదు."

నుజ్జయిన కారు దొడ్లో టార్పాలిన్ కింద ఉంది. జాకీ వేసి, క్రీస్తుదాసు టార్చితో కిందికి దూరాడు.

"సార్, పై బోల్టు మీద తెల్ల గీత చెక్కుచెదరలేదు. కింది బోల్టు గీత తెగింది. మూలలన్నీ కొరికినట్టు అరిగిపోయాయి, పళ్ళ గాట్లున్నాయి."

"కారు నిలబెట్టేది ఇక్కడేనా?" అంకమ్మరావు అవునన్నాక పద్మనాభం వంగి నేల చూశాడు. పొడి మట్టి. మరకేమీ లేదు.

అక్కణ్ణుంచి అతని కాళ్ళు ఊరుకోలేదు. దొడ్డంతా తిరిగాడు. గోడకి బోరు పైపులు విప్పే పెద్ద పైపు పానా వేలాడుతోంది. పాకలో ఎడ్లబండి ఉంది. వంగి ఇరుసు తడిమి, వేలు వాసన చూసి మొహం చిట్లించాడు. ఆ వేలిని ఎండలో పెట్టి చూసుకున్నాడు. తేనెరంగులో మెరిసింది.

"బండికి చమురు పెట్టారే, అంకమ్మరావు గారూ."

"పత్తి తోలాలి కదండీ. ట్రాక్టర్లో దించిన కాలిన ఆయిలుంటే పూశాను."

పద్మనాభం తలూపి, సబ్బు అడిగి చేతులు కడుక్కున్నాడు. తర్వాత అందర్నీ వసారాలోకి రమ్మన్నాడు. కరీముల్లా మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"కరీముల్లా పోయడం మర్చిపోతే రెండు గీతలూ అలాగే ఉండాలి," అన్నాడు పద్మనాభం, ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తూ. "కింది గీత తెగింది. అంటే షెడ్డు నుంచి వచ్చాక ఎవరో ఆ బోల్టు విప్పి, దించి, మళ్ళీ బిగించారు. శ్రీకృష్ణగారూ, మీరే చేసుంటే కొలతకి సరిపోయే పానా వాడేవారు. ఈ బోల్టుని పైపు పానాతో పట్టి తిప్పారు. పళ్ళ గాట్లు అవే."

శ్రీకృష్ణ ఊపిరి పీల్చుకున్నాడు.

"నేల మీద మరక లేదు. కీడు చేయడానికి వచ్చినవాడు ఆయిల్‌ని మట్టిలోకి వదిలేసి పారిపోతాడు. ఈ మనిషి కింద బేసిన్ పెట్టి పట్టుకున్నాడు. సేద్యం చేసే మనిషి, మంచి చమురు పారబోయడానికి చేతులు రాలేదు. తీసుకెళ్ళి బండి ఇరుసుకి పెట్టాడు. ట్రాక్టర్లో దించిన కాలిన ఆయిలు నల్లగా ఉంటుంది అంకమ్మరావు గారూ. మీ ఇరుసు మీద ఉన్నది తేనెరంగులో ఉంది, కుళ్ళిన గుడ్డు వాసనేస్తోంది. అది హౌసింగ్‌లో పోసే గేర్ ఆయిల్. అప్పుడే పోసిన కొత్తది."

క్రీస్తుదాసు తన గురువు వైపు గర్వంగా చూడబోయి, అంకమ్మరావు మొహం చూసి ఆగిపోయాడు. ఆ పెద్దాయన పత్తి బోరానికి ఆనుకుని మెల్లగా కూలబడ్డాడు.

"ఇరుసులో చమురు లేకపోతే బండి అరుస్తుంది," అన్నాడు. "ట్రాక్టరైనా అంతే. ఊరు దాటకముందే గోల పెడుతుంది, వెనక్కి తిప్పుకొస్తుంది అనుకున్నాను. ఈ ఒక్క పోటీ తప్పిపోతే చాలనుకున్నాను. ఆ కారు నువ్వెప్పుడు ఎక్కినా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటున్నానమ్మా."

బిందుమాధవి మంచం అంచుకి జరిగింది.

"వద్దని ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"చెబితే ఆగేదానివా?"

"ఆగేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. అంతేగా. కరీముల్లా మీద కేసు కాగితానికి సంతకం పెట్టింది కూడా నువ్వే కదా."

"నలుగురూ మెకానిక్కే అన్నారు. కాదు నేనని చెప్పడానికి నోరు పెగల్లేదు."

"నా కాలు నీ భయం వల్ల విరిగింది. అది నేను ఓర్చుకుంటాను. నేను ఆయన్ని రోజూ తిడుతుంటే నా పక్కన కూర్చుని ఊఁ కొట్టావు చూడు, అది ఓర్చుకోలేను. స్టేషన్‌కి వెళ్ళు నాన్నా. జరిగింది చెప్పు. దానికన్నా ముందు ఆయన దగ్గరికి వెళ్ళు."

అంకమ్మరావు లేచాడు. మెట్లు దిగి కరీముల్లా రెండు చేతులూ పట్టుకున్నాడు. పెద్ద మనిషి వెక్కివెక్కి ఏడ్చాడు.

కరీముల్లా ఆయన్ని చూడటం లేదు. చేతులు ఆయనకే వదిలేసి, ఆయన భుజం మీంచి మంచం వైపు చూస్తున్నాడు.

"నేను పోశానమ్మా," అన్నాడు.

"పోశావన్నా," అంది బిందుమాధవి.

"అన్నం తిని వచ్చి, పోశాను."