గోల్‌పోస్టుకు టెంకాయ

షిగెరు ఆళ్లగడ్డ శిల్పశాలలో అడుగుపెట్టగానే, నేలమీద పడుకోబెట్టిన రాతి స్తంభానికి నడుము వంచి దండం పెట్టాడు.

"చాల్లే, లెయ్యప్పా," అంది శ్రీజ ఉలి ఆపకుండానే. "అది ఇంకా రాయే. కండ్లు తెరిస్తేనే దేవుడు. అంతవరకూ దానిమీద కూర్చోనే మేం సద్ది తినేది."

"దేవునికి కాదప్పా. గోల్‌పోస్టుకు పెట్టినా."

ఆడపిల్లను పట్టుకుని అప్పా అన్నాడని ఆమెకు ఒళ్లు మండింది. ఆరు నెలల్లో నంద్యాల పిల్లల దగ్గర నేర్చిన తెలుగు అది. అందులో ఆడవాళ్లకు వేరే పిలుపు లేదు.

జపాన్‌లో పదిహేడేళ్లు గోల్‌కీపరుగా ఉన్నాడు. అందులో పన్నెండేళ్లు బెంచీ మీదే. భుజం జారాక కోచ్ అయ్యాడు. అక్కడ ఏ క్లబ్బూ పిలవలేదు. నంద్యాల అకాడమీ పిలిచింది.

ఆ అకాడమీ ఇనుప గోల్‌పోస్టులను దొంగలు రెండుసార్లు ఎత్తుకుపోయారు. ఎవరూ మోయలేనివి కావాలని సెక్రటరీ పరంజ్యోతి రాతి స్తంభాలు చేయించమన్నాడు. పని శ్రీజ నాయన చెన్నకేశవాచారికి వచ్చింది. ఉత్త రాయి తన గడప దాటదన్నాడాయన. స్తంభానికి రెండేసి సింహాలు పెట్టాడు.

"ఆటకు పోయే రాయి. కండ్లు మాత్రం తెరవద్దు," అని కూతురికి చెప్పాడు.

షిగెరు ప్రతి శుక్రవారం టేపు పట్టుకుని బస్సు దిగేవాడు.

"కొలత సరిపోయిందని మొదటి వారమే చెప్తి గదా. మళ్లా ఏం కొలుస్తాండావ్?"

"యాగంటి బసవన్న పెరుగుతాండాడంట. ఇది కూడా పెరుగుతాదేమోనని."

"పెరిగిందా?"

"లేదప్పా. వచ్చే వారం చూస్తా."

ఆమె తలొంచుకుని నవ్వింది. రాతిపొడి అతని జుట్టంతా పట్టింది. దులపబోయి, నాయన చూస్తున్నాడని ఆగింది.

"పోస్టుకు దండమెందుకు?"

"బంతి దానికి తగిలి ఎనక్కి పోతే గోల్ తప్పినట్టే. పదిహేడేండ్లలో నాకు సాయం చేసింది అదొక్కటే."

చివరి శుక్రవారం అతను టేపు తీయలేదు. ఆదివారం అకాడమీకి డబ్బిచ్చే ట్రస్టువాళ్లు వస్తారట. వాళ్ల ముందు పిల్లలు ఒక్క గోలైనా వేయకపోతే అతని ఉద్యోగం పొడిగించే కాగితంమీద సంతకం పడదు. పడకపోతే బుధవారం జపాన్‌కు విమానం.

అతని బస్సు వెళ్లిపోయాక శ్రీజ సన్న ఉలి తీసుకుంది.

ఆదివారం తండ్రీకూతుళ్లు నంద్యాల మైదానంలో స్తంభాలు నిలబెట్టించి పైన టేకు దూలం వేయించారు. పిల్లల్లో కీపర్ లేడు కాబట్టి షిగెరే గోల్‌లో నిలబడ్డాడు. ముందుగా పోస్టులకు దండం పెట్టాడు.

అంతే. చూడవచ్చిన కమలాక్షమ్మ సింహాల ముఖాల్లోకి చూసి చెప్పులు విడిచింది. "కండ్లు తెరిచుండాయి," అంది. ఎక్కడినుంచో టెంకాయ తెచ్చి కొట్టింది. పది నిమిషాల్లో కుంకుమ పడింది, అగరుబత్తి వెలిగింది.

బంతి ముందు నిలబడిన పిల్లలు కదల్లేదు.

"యోబూ, నువ్వు తన్ను. మీది చర్చి గదా," అన్నాడు పరంజ్యోతి.

"మాకు లేకున్నా పక్కింటోళ్లకు దేవుడు గదా సార్. రేపు మొకం చూడాల్నా వద్దా?"

ట్రస్టు పెద్దాయన గడియారం చూసుకుని పెన్ను మూత పెట్టాడు. షిగెరు చేతి తొడుగులు విప్పసాగాడు.

"కండ్లు ఎవరు తెరిచినారు?" అన్నాడు చెన్నకేశవాచారి.

"నేనే నాయనా."

"ఏ దేవునికి?"

"దేవుడు కాదు. సరిగా చూడు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. సింహాన్ని చూశాడు. కోచ్‌ను చూశాడు. మళ్లీ సింహాన్ని చూశాడు.

"నాలుగింటికీనా?"

"నాలుగింటికీ."

కమలాక్షమ్మ ముందుకొచ్చి టెంకాయ చెక్కలు ఏరుకుంది. "ముందే చెప్పొద్దా పాపా. ఇంట్లో పచ్చడికన్నా అయ్యుండు."

"అయితే తన్నొచ్చా?" అన్నాడు యోబు.

తన్నారు. ఐదు బంతులు లోపలికి పోయాయి. షిగెరు ఒక్కదానికీ చెయ్యి చాపలేదు. స్తంభం మీద తన కళ్లనే చూస్తున్నాడు. ట్రస్టు పెద్దాయన సంతోషంగా సంతకం పెట్టాడు.

శ్రీజ గోల్ గీత దగ్గరికి వచ్చింది.

"ఇవి నావా?" అన్నాడతను.

"కాక మా నాయనవా?"

"పన్నెండేండ్లు బెంచీ మీద కూర్చున్నా. నన్ను ఇంతసేపు ఎవరూ చూడలేదు." బంతిని ఆమె ముందుకు దొర్లించాడు. "ఒకసారి నువ్వు తన్ను, శ్రీజా."

అప్పా అనలేదు. ఆమె చెప్పులు విడిచి, చీర కాస్త పైకి పట్టుకుని తన్నింది. బంతి మెల్లగా దొర్లి, గీతకు జానెడు ఇవతల ఆగిపోయింది.

షిగెరు బంతిని చూశాడు. మోకాళ్లమీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని గోల్‌లోకి లాక్కున్నాడు.

"అది చెల్లదు," అన్నాడు పరంజ్యోతి. "కీపరే లోపలికి లాక్కున్నాడు."

చెన్నకేశవాచారి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో చెల్లుతాది లేప్పా."