ప్రాణక్రమం

మొదటి ఎండకూత మోగేసరికి కుముద, తారకం ఇంకా దుకాణంలోనే ఉన్నారు. ఆ కూత వినగానే బెజవాడ వీధుల్లో జనం నీడబాటల కిందకు చేరతారు. రెండో కూతకు ఎక్కడి తలుపులు అక్కడ మూసుకుంటాయి. మధ్యలో మిగిలిన కొద్ది వ్యవధిలో పిల్లలకు ఏ బండి కొనాలో తేల్చుకుని ఇంటికి చేరాలి.

కుముద చిన్నప్పుడు ఎండాకాలం అంటే ఏడాదిలో కొన్ని నెలలు. ఇప్పుడు వానపడే కొద్ది రోజులు తప్ప మిగతాదంతా ఎండాకాలమే. పెద్దవాళ్లు చలువచొక్కాలు తొడుక్కుని పనులకు వెళ్లి వస్తున్నారు. గుడ్డ మడతల్లో సన్నని గొట్టాలు, వాటిలో తిరిగే చల్లటి నీళ్లు, నడుము దగ్గర చిన్న మోటారు. పసిపిల్లల ఒంటికి ఆ చొక్కా పనికిరాదు. వాళ్లకోసం వచ్చిందే చల్లబండి. కింద చలువయంత్రం, లోపల మెత్తటి పరుపు, పైన గాజులా కనిపించే గట్టి మూత. ఆ బండి రాకముందు కొన్నేళ్లపాటు ఊళ్లో పగటిపూట పసిపిల్లల జాడే ఉండేది కాదు. తల్లులు ఉద్యోగాలు మానుకుని గదుల్లో ఉండిపోయారు. బండి వచ్చాక మళ్లీ పిల్లలు ఆసుపత్రికి, బడికి, మేనమామల ఇళ్లకు వెళ్లగలుగుతున్నారు. ఆ మాట నిజం. కుముద కూడా నీటిశుద్ధి కేంద్రంలో తన ఉద్యోగాన్ని నిలబెట్టుకుందంటే కొడుకు విన్నూకి కొన్న చల్లబండి వల్లే.

ఇప్పుడు విన్నూకి మూడో ఏడు నిండబోతోంది. ఒళ్లో నెల తిరగని పాప ఉంది. ఒంటిబండి చాలదు.

"ఇది పక్కపక్క బండి అక్కా. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటా పోతారు. రెండు గదులు, దేని యంత్రం దానిదే" అంది దుకాణంలో పనిచేసే పర్వీన్.

లిఫ్టులు బాగుచేయడం తారకం వృత్తి. వంగి చక్రాల మధ్య దూరాన్ని జేనతో కొలిచి తల అడ్డంగా ఊపాడు. "మా లిఫ్టులో పట్టదమ్మా. తలుపు దగ్గరే ఇరుక్కుంటుంది."

"మడిచి ఎక్కించొచ్చన్నా. చాలా తేలిగ్గా మడతపడుతుంది."

"పిల్లల్ని ఎక్కడ పెట్టి మడవమంటావ్?" అంది కుముద.

పర్వీన్ నవ్వేసి వాళ్లను రెండో బండి దగ్గరికి తీసుకెళ్లింది. ఇది సన్నగా, పొడుగ్గా ఉంది. ముందు సీటు పెద్దపిల్లాడికి. వెనక, తోసేవాళ్ల చేతికి అందేలా, పాప పడుకునే పరుపు. విన్నూ అడగకుండానే ముందు సీట్లోకి ఎక్కి కూర్చుని, మూతను కాలితో దబదబా తన్నాడు.

"నాదే! బండి నాదే! చెల్లి వద్దు!"

"వాడి గోల ఎప్పుడూ ఇంతేనమ్మా" అన్నాడు తారకం కాస్త గర్వంగానే.

కుముద బండిని అటూ ఇటూ తోసి చూసింది. మలుపులో తేలిగ్గా తిరిగింది. బ్రేకు కాలికి అందింది. "దీనికి యంత్రం ఒకటేనా?" అని అడిగింది.

"ఒకటే అక్కా. ఈ సన్న బండికి రెండు పెడితే బరువైపోయి తోయలేరు. ఇద్దరికీ సరిపోయే చలువ ఇస్తుంది, భయం లేదు. ఎప్పుడన్నా ఇబ్బందొస్తే బండే చూసుకుంటుంది." పర్వీన్ ఒక క్షణం ఆగింది. "దానికోసం ప్రాణక్రమం పెట్టుకోవాలి."

ఆ పేరు వాళ్లిద్దరూ విన్నదే. ఒంటిబండికి దాని అవసరం లేదు గనక ఎన్నడూ పట్టించుకోలేదు. కరెంటు అయిపోవచ్చి, ఉన్న చలువ ఇద్దరు పిల్లలకూ చాలని పరిస్థితి వస్తే, ముందుగా ఎవరికి ఇవ్వాలో బండికి చెప్పి ఉంచాలి. అది చెప్పకుండా జోడుబండి దుకాణం దాటకూడదని నిబంధన. తల్లీ తండ్రీ విడివిడిగా చెప్పాలి. ఇద్దరి మాటా కలిస్తే అదే ఖాయం. కలవకపోతే బండి తన లెక్క తాను వేసుకుంటుంది.

"ఇదేం ప్రశ్నమ్మా?" తారకం గొంతు పెరిగింది. "కన్నవాళ్లని అడిగే మాటేనా ఇది?"

"నేనూ అడగలేనన్నా. అందుకే బండి అడుగుద్ది" అంది పర్వీన్ నేల చూస్తూ. "ఎప్పుడూ అవసరం రాదు. మా అక్క కూడా పెట్టుకుంది. అప్పుడే మర్చిపోయింది."

పక్కపక్క బండి కొంటే ఈ గొడవ ఉండదు కదా అని కుముద అనుకుంది. కాని ఆ బండి ఇంటి లిఫ్టులో పట్టదు. తొమ్మిదో అంతస్తు. బయట రెండో కూతకు టైమవుతోంది. తర్వాత ఎన్నోసార్లు ఆమె ఈ క్షణాన్నే తలుచుకుంది. ఇల్లు మారి ఉండొచ్చు, ఇంకో దుకాణం చూసి ఉండొచ్చు, ఆ రోజుకు ఊరుకుని వెనక్కు వచ్చేసి ఉండొచ్చు. ఆ వేళ అవేవీ తోచలేదు.

ముందు కుముద దుకాణం మూలన కట్టిన తెర వెనక్కి వెళ్లింది. అక్కడ చిన్న పలక మీద రెండు మొహాలు కనిపించాయి. ఒకటి విన్నూది, నోరంతా తెరిచి నవ్వుతున్నది. రెండోది కళ్లు మూసుకున్న పాపది. పాపకు ఇంకా మెడ నిలవలేదు. విన్నూ గట్టివాడు. అరవగలడు, తన్నగలడు, దాహమైతే అడగగలడు. వాడు తట్టుకుంటాడు. కుముద పాప మొహం మీద వేలు పెట్టి వెంటనే తీసేసింది. తెర బయటికొచ్చి తారకం వైపు చూడకుండా పాపను గుండెకు అదుముకుంది.

తారకం లోపల చాలాసేపు ఉన్నాడు. అతను బయటికి వచ్చాక బండి మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. 'ఇద్దరి మాటా ఒకటే.'

ఎవరి పేరన్నది అక్కడ లేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ వాళ్లు దాని ఊసెత్తలేదు. లిఫ్టులోకి బండిని ఎక్కిస్తూ తారకం మాత్రం, "విన్నూగాడు గట్టోడు" అన్నాడు. కుముద ఊకొట్టింది. అంతకన్నా తెలియాల్సింది ఏమీ మిగల్లేదు.

పాపకు వర్షిణి అని పేరు పెట్టారు. ఆ యేడు పుట్టిన ఆడపిల్లల్లో చాలామందికి వాన అనే అర్థం వచ్చేలానే పేర్లు పెట్టుకున్నారు. బండి బాగానే పనిచేసింది. ముందు సీట్లో విన్నూ పాటలు పాడేవాడు, వెనక పాప నిద్రపోయేది. నీడబాట పొడవునా అక్కడక్కడా ఉన్న చలువస్తంభాల పక్కనుంచి వెళ్తుంటే బండి దానంతటదే కరెంటు నింపుకునేది. ప్రాణక్రమం సంగతి పర్వీన్ అక్కలాగే కుముద కూడా మర్చిపోయింది, లేదా మర్చిపోయాననుకుంది.

పాపకు టీకా వేయించుకుని ఆసుపత్రి నుంచి తిరిగొస్తున్న రోజు అది జరిగింది. తారకం పనిలో ఉన్నాడు. కుముద పిల్లలతో బందరు కాలవ పక్క నీడబాట మీద నడుస్తోంది. ముందురోజు గాలిదుమారానికి అక్కడ పైకప్పు రేకులు కొన్ని ఎగిరిపోయాయి. చాలా దూరం వరకు నీడ లేదు. త్వరగా దాటేద్దామని ఆమె ఆ ఎండలోకి దిగింది. సగం దూరం వెళ్లాక చలువస్తంభాల మీద దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆ ప్రాంతమంతా కరెంటు పోయింది. ఎండ దెబ్బకు బండిలో నిల్వ ఉన్నది కూడా త్వరగా అయిపోవచ్చింది.

"చలువ తగ్గుతోంది" అంది బండి. మెత్తటి ఆడగొంతు. "ప్రాణక్రమం అమలవుతోంది."

ముందు సీటుకీ వెనక పరుపుకీ మధ్య ఒక పలక జారి మూసుకుంది.

"వద్దు! ఆపు! నేను తల్లిని చెప్తున్నా, ఆపు!" కుముద అరిచింది. మూత పట్టుకుని లాగింది. రాలేదు. మూత గడియ తీసే మోటారుకూ కరెంటే కావాలి. మిగిలిన కరెంటు మొత్తం బండి పాపకే పంపుతోంది. చెప్పిన పనిని అది తప్పకుండా చేస్తోంది.

"అమ్మా, ఉడుకుతోంది! అమ్మా!" విన్నూ మూతను తన్నుతున్నాడు. వాడి జుట్టు నుదుటికి అంటుకుపోయింది. అప్పుడు ఆ గొంతే వాడితో మాట్లాడడం మొదలుపెట్టింది, నిద్రపుచ్చేటప్పుడు కథ చెప్పినట్టు.

"విన్నూ, నీ చల్లగాలి చెల్లికి ఇస్తున్నాను. చెల్లి చిన్నది కదా. నువ్వు కదలకు. అరవకు. కొంచెం కొంచెంగా ఊపిరి తీసుకో. నువ్వు మంచి అన్నయ్యవి."

వాడు తన్నడం ఆపేశాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, మూతలోంచి తల్లి వైపు చూస్తూ కూర్చున్నాడు. అరుపుల కన్నా ఆ మౌనానికి కుముద ఎక్కువ హడలిపోయింది. కింద పడిన రేకుల మధ్య ఒక ఇనపకడ్డీ దొరికింది. అరచేయి చుర్రుమని కాలినా వదల్లేదు. మూత మూలన కొట్టింది. మళ్లీ కొట్టింది. నీడ కోసం పరుగెత్తుతున్న ఒకాయన ఆగి ఆమె చేతిలోంచి కడ్డీ తీసుకుని బలంగా రెండు దెబ్బలు వేశాడు. మూత పగిలింది.

కుముద విన్నూని బయటికి లాగి, చలువచొక్కా గుండీలు విప్పి, వాణ్ని లోపల తన ఒంటికి అదుముకుని పరుగెత్తింది. ఆయన బండిని తోసుకుంటూ వెనకే వచ్చాడు. ఒక మందుల షాపువాళ్లు దించేసిన షట్టరు మళ్లీ ఎత్తి లోపలికి రానిచ్చారు. విన్నూ కళ్లు పైకి తేలిపోయి ఉన్నాయి. వాడి ఒళ్లు ఇంకా కాలిపోతోంది.

బండి వెనక గదిలో పాప హాయిగా నిద్రపోతోంది. దాని పాదాలు చల్లగా ఉన్నాయి.

విన్నూ బతికాడు. ఆసుపత్రిలో కొన్నాళ్లు కళ్లు తెరవలేదు, తెరిచాక కొన్నాళ్లు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా కోలుకున్నాడు. బండి తయారుచేసినవాళ్ల తరపున ఒక పెద్దమనిషి పళ్లు తీసుకుని వచ్చాడు.

"బండిలో లోపం ఏదీ లేదమ్మా, అంతా పరీక్షించాం. ఊరడింపుగొంతు కూడా వేళకు పనిచేసింది. అది పిల్లల మనసు తెలిసినవాళ్లు కూర్చుని రాసిన మాట. బాబు అలాగే గింజుకుంటూ ఉంటే ఒంట్లో వేడి ఇంకా పెరిగేది. ఒక రకంగా ఆ మాటే కాపాడింది. ఇద్దరు పిల్లలూ దక్కారు కదా, అది చూడండి. మూత పగిలింది గనక కొత్త బండి మేమే పంపిస్తాం."

అతను చెప్పినదాంట్లో అబద్ధం ఏమీ లేదు. తారకం లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "వెళ్లండి సార్" అన్నాడు. అతను వెళ్లిపోయాక భార్యాభర్తలిద్దరూ మంచానికి చెరోవైపు కూర్చున్నారు. ఏదో అనబోయి తారకం గొంతు సవరించుకున్నాడు. కుముద తల తిప్పుకుంది.

ఇంటికొచ్చాక విన్నూ మారాడు. అందరూ మెచ్చుకునేలా మారాడు. బొమ్మ ఇస్తే తీసుకెళ్లి చెల్లి పక్కన పెట్టేవాడు. పాలు ఇస్తే సగం తాగి గ్లాసు పక్కకు జరిపేవాడు. బండి నాదే అని గోల చేసిన పిల్లాడు, సోఫాలో చెల్లిని పడుకోబెట్టడానికి తల్లి వస్తుంటే చెప్పకముందే లేచి నిలబడేవాడు.

"ఎంత బుద్ధిమంతుడమ్మా! మావాళ్లయితే కొట్టుకు చస్తారు. వీణ్ని చూసి నేర్చుకోవాలి" అంది పక్కింటి అనసూయమ్మ వాడి బుగ్గ పుణికి.

కుముద కూడా సంతోషించింది. చెల్లి మీద ప్రేమ అనుకుంది. అలా అనుకుంటే ఆమెకు కాస్త నిద్రపట్టేది.

ఒక మధ్యాహ్నం కరెంటు తగ్గి, గోడ మీద చలువపెట్టె చప్పుడు సన్నబడింది. ఆ ఊళ్లో అది మామూలే, కాసేపటికి సర్దుకుంటుంది. సెలవురోజు కావడంతో తారకం పక్క గదిలో పడుకుని ఉన్నాడు. వంటింట్లో ఉన్న కుముద పిల్లల్ని చూద్దామని వచ్చింది. పాప మంచం మీద కాళ్లాడిస్తోంది. దాని పక్కన ఉండాల్సిన విన్నూ లేడు.

తలుపు వెనక మూలన దొరికాడు. పడమటి గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. చేయి పెడితే కాలే గోడ అది. బుగ్గలు ఉబ్బి, పెదాలు బిగించి, మొహం కందిపోయి ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"విన్నూ! ఏంట్రా ఇది? ఏమైంది నాన్నా?"

వాడు ముక్కుతో కొద్దిగా గాలి పీల్చుకుని మెల్లగా అన్నాడు. "గాలి తగ్గింది కదమ్మా. చెల్లికి ఇస్తున్నా."

కుముద వాడి ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. "గాలి అందరికీ ఉంది నాన్నా. బోలెడంత ఉంది. నీకూ ఉంది. తీసుకో."

వాడు ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాట నమ్మొచ్చా అని చిన్నపిల్లలు చూసే చూపు అది.

"నాది చెల్లికి ఇవ్వమని బండి చెప్పింది కదా?"

చెప్పింది బండి కాదని ఆమెకు తెలుసు. గుమ్మంలో అలికిడైంది. తారకం నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో, అంతా విన్నట్టున్నాడు. ఆమె తలెత్తి చూసింది. దుకాణంలో ఆ తెర బయటికి వచ్చిన రోజు తర్వాత ఇద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం అదే మొదటిసారి. అతను వచ్చి ఆ మూలనే కింద కూర్చున్నాడు. కొడుకు వీపు కాలకుండా గోడకీ వాడికీ మధ్య తన చేయి పెట్టాడు.

"పీల్చుకో నాన్నా" అన్నాడు బతిమాలుతున్నట్టు. "గట్టిగా పీల్చుకో."

విన్నూ మాట వినే పిల్లాడు. గుండెనిండా ఒక్కసారి ఊపిరి తీసుకున్నాడు. తర్వాత మంచం మీద చెల్లి వైపు చూసి, మళ్లీ బిగపట్టాడు.