నడుస్తున్న సర్వర్‌ని అడగలేదు

"మీ కోడ్ ఫైళ్లు తెరిచి మూయడం లేదు. అందుకే సర్వర్ చతికిలపడింది!"

మీటింగులో పదిమంది ఎదుట అతను విసిరిన మాట అది. అతను సర్వర్లు చూసుకునే అడ్మిన్. ఆమె డెవలపర్. ఆమెను ఆఫీసంతా ముద్దుగా 'ప్రశ్నల పుట్ట' అంటారు. ఆర్నెల్లుగా ఆమె ఏ ప్రశ్న వేసినా అతను లోలోపల మురిసిపోయేవాడు. ఆ రోజు మాత్రం పరువు అడ్డొచ్చింది.

"ఒకేసారి ఎన్ని ఫైళ్లు తెరవొచ్చో ఆ లిమిట్ చూశారా?" అంది.

"చూశాను. అరవై అయిదు వేలు. నేనే పెంచాను."

"మీ లాగిన్‌లో చూశారా, నడుస్తున్న సర్వర్‌లోనా?"

"నాకు పాఠాలు చెప్పకండి!"

ఆమె లాప్‌టాప్ మూసేసింది. మర్నాడే రాజీనామా ఇచ్చింది. ఇంకా నెల రోజులు పని చేయాలి. ఆ నెలంతా అతను ఆమె సీటు పక్కనుంచి తల వంచుకుని పోయాడు.

ఆమె ఆఖరి రోజు మధ్యాహ్నం సర్వర్ మళ్లీ పడిపోయింది. ఆమె కోడ్ తీసేసి అప్పటికే మూడు వారాలు! అతను మొదటిసారి నడుస్తున్న సర్వర్ లిమిట్ చూశాడు. వెయ్యీ ఇరవై నాలుగు. అతను పెంచింది తన లాగిన్‌కే, సర్వర్‌కి కాదు. సర్వర్‌ని నడిపే సర్వీసు ఫైల్లో లిమిట్ పెంచుతూ ఒక్క లైను చేర్చి రీస్టార్ట్ చేస్తే సరిపోయింది. తల కొట్టేసినట్లయింది అతనికి.

తప్పు తనదేనని అందరికీ మెయిల్ పెట్టి గేటు దగ్గరికి పరుగెత్తాడు. వానలో గొడుగు పట్టుకుని ఆమె కారు కోసం చూస్తోంది.

"మెయిల్ చదివాను," అంది.

"అందులో రాయనిది ఒకటుంది. మీరంటే నాకు ఇష్టం. ఆర్నెల్లుగా."

ఆమె అతని వైపు తిరిగింది. "ఎందుకు వెళ్తున్నారని మీరు తప్పకుండా అడుగుతారని మా అక్కతో రోజూ అనేదాన్ని. నెలంతా ఎదురుచూశాను."

"మీకు కోపమనుకున్నాను..."

"అనుకున్నారు. అడగలేదు."

కారు వచ్చింది. సోమవారం వేరే ఊళ్లో కొత్త ఉద్యోగం. అద్దం దించి, "సర్వర్ ఎలా ఉంది?" అంది.

"నడుస్తోంది."

"ఈసారి దాన్ని అడిగే చెప్తున్నారా?" అంటూ నవ్వింది. కళ్లు మాత్రం నవ్వలేదు.

కారు మలుపు తిరిగాక, అసలు ప్రశ్న ఇంకా అడగనేలేదని అతనికి తట్టింది. తడి చేతులతో ఫోన్ తీసి, 'మీకూ నేనంటే ఇష్టమేనా?' అని పంపాడు.

జవాబు వెంటనే వచ్చింది. 'ఇష్టమే. నిన్న అడిగినా ఆగిపోయేదాన్ని.'

వాన వెలిసినా అతను గేటు దగ్గరే నిలబడి ఆ మాటే చదువుకుంటూ ఉండిపోయాడు.