నల్లగా ఉండాల్సిన రేకులు

దగ్గరికి జరిగి కూర్చోండి, వెనకవాళ్లకు వినబడదు. తొంభై రెండులో, ఆర్మూర్ చుట్టూ పసుపు ఉడికే రోజుల్లో జరిగింది ఇది.

గంగమణి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. పసుపు చేల బావినీళ్లలో ఉప్పెంతుందో కొలవడం ఆమె ప్రాజెక్టు. కొలిచేది మీటరుకు తగిలించే ఒక గాజు గొట్టం, దాని కొసన రెండు ప్లాటినం రేకులు. దాని వైరు తెగితే, ఆర్మూర్‌లో పట్టీలకు గిల్టు వేసే భూమేశ్వర్ కొట్టులో ఇచ్చింది.

అతను వైరు అతికించాడు. అక్కడితో ఆగితే కథే లేదు. రేకులు మసిబట్టినట్టున్నాయని, పొద్దంతా రుద్ది అద్దంలా చేశాడు. మరునాడు ఆమె వస్తుందని వాకిట్లోకి పదిసార్లు తొంగిచూశాడు.

గంగమణి గొట్టం ఎత్తి చూసింది.

"ఎట్లుంది మేడమ్? కొత్తదాని లెక్క లేదా?"

"నిన్నెవరు తోమమన్నరు?"

"మసి ఉండె గద."

"మసి కాదు, గది గూడ ప్లాటినమే. కంటికి కానరాని రేణువులు. గవి ఉంటేనే నీళ్లు తగిలే జాగ మస్తు పెరుగుతది. నున్నటి రేకైతే మీటరు తప్పు చెప్తది. సోమవారం సార్‌కు రీడింగులియ్యకపోతే నా ఏడాది పాయె."

భూమేశ్వర్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మళ్ల నల్లగ చెయ్యరాదా?"

"ప్లాటినం నీళ్లు సీసాల జరంతున్నయి, ఒక్కసారికే. గండ్ల రేకులు ముంచి కరెంటియ్యాలె, జోరైతే నలుపు పొరలు పొరలు ఊడొస్తది."

"కరెంటు సంగతి నాకిడిసిపెట్టు, గిల్టేసేది గూడ కరెంటుతోనే. చెడగొట్టింది నేనే. కూసో."

బ్యాటరీ తెచ్చాడు. అర నిమిషానికోసారి రెండు వైర్లూ తారుమారు చేయాలి. ఆమె గడియారం చూసి "మార్చు" అనేది, అతను మార్చేవాడు. ఒకసారి ఆమె అనలేదు. తలెత్తితే, గడియారాన్ని వదిలి అతన్నే చూస్తోంది.

"నిమిషం దాటింది మేడమ్."

"తెల్సు. మార్చు."

రేకుల మీద ముందు బూడిదరంగు, తర్వాత మఖమల్ లాంటి నలుపు దిగింది. ఆమె గొట్టాన్ని మీటరుకు తగిలించి, ఎంత ఉప్పుందో ముందే తెలిసిన నీళ్లలో ముంచింది. మీటరు ముల్లు అటూ ఇటూ ఊగి, రావాల్సిన అంకె మీద నిలబడింది. అప్పుడుగానీ ఇద్దరూ ఊపిరి వదల్లేదు.

"పొద్దంత ఎందుకు రుద్దినవ్?"

"నీకు నచ్చాలని." మేడమ్ అనడం మరిచాడు.

"నచ్చలే." సంచి సర్దుకుని గుమ్మం దాకా పోయి ఆగింది. "జక్రాన్‌పల్లి దిక్కు ఇంక తొమ్మిది బావులున్నయి. రెండు దినాలే ఉన్నయి. సైకిలుందా?"

"ఉంది."

"అయితే కొట్టు మూసి రా. రేకులను మాత్రం ముట్టకు."

సోమవారం రీడింగులు సార్ బల్ల మీదున్నాయి. పెళ్లి మాట ఏ బావి దగ్గర, ఎవరు ముందు అన్నారో ఇద్దరూ ఇప్పటికీ చెరో రకంగా చెబుతారు. మీరు గుర్తుపెట్టుకుని మీ వాళ్లకు చెప్పండి. చెప్పేటప్పుడు భూమేశ్వర్ తప్పును మాత్రం దాచకండి. అది లేకుంటే ఆ పిల్ల గొట్టం తీసుకుని వెళ్లిపోయేదే.