అమ్మమ్మ కనుబొమలు

ఠక్, ఠక్, ఠక్!

లోసా బడి నుంచి వచ్చేసరికి ఇంటి పక్క పాకలో అమ్మమ్మ బెరడు కొడుతోంది. పొడుగాటి దుంగ మీద చెట్టు బెరడు పరిచి, చెక్క సుత్తితో పల్చగా సాగగొడుతోంది. ఆ పొరల్ని గంజితో అతికించి, రంగులద్ది, బట్ట చేస్తారు. వవావు దీవిలో పెళ్ళయినా చావయినా ఆ బట్ట లేకుండా జరగదు.

"అక్కా, ఇప్పుడే అడుగు," అని తమ్ముడు మాకా మోచేత్తో పొడిచాడు. "సుత్తి ఆగిందంటే మన పని అయినట్టే!"

లోసా పక్క నుంచి వంగి గబగబా అడిగింది. "అమ్మమ్మా, డబ్బాలో పిండి ఉండలు ఇంకో రెండు తీసుకోవచ్చా?"

అమ్మమ్మ ఒకసారి తలెత్తి చూసింది. కనుబొమలు పైకెత్తింది. మళ్ళీ ఠక్, ఠక్.

ఆ దీవిలో 'అవును' అనడానికి నోరు తెరవక్కర్లేదు. కనుబొమలు ఎగరేస్తే చాలు. సుత్తి చప్పుడులో ఏమడిగినా అమ్మమ్మ కనుబొమలు లేస్తాయని అక్కాతమ్ముళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. అమ్మ 'వద్దు' అన్నవన్నీ అమ్మమ్మ దగ్గర 'అవును' అయిపోతున్నాయి.

"మన అమ్మమ్మంత మంచిది ఊళ్ళోనే లేదు," అన్నాడు మాకా, నోటినిండా పిండి ఉండలతో.

లోసా చూపు మూల మీద పడింది. అక్కడ చాప కింద కొత్త బట్ట మడత పెట్టి ఉంది. గోధుమ రంగు మీద నల్ల పూలు. సీలియా పిన్ని పెళ్ళి కోసం అమ్మమ్మ నెలల తరబడి చేసిన బట్ట. రేపు బడిలో డాన్సు ప్రాక్టీసు. అది నడుముకు చుట్టుకుంటే అందరి కళ్ళూ తన మీదే! ఆ మాటే మాకాతో అంది.

"అమ్మో, పెళ్ళి బట్టా? అమ్మ చంపేస్తుంది," అన్నాడు మాకా.

"అమ్మమ్మ సరేనంటే అమ్మేమంటుంది?"

అడిగింది. అమ్మమ్మ కనుబొమలు లేచాయి.

మర్నాడు ఆటస్థలంలో డాన్సు మధ్యలో వాన దూకింది. పిల్లలందరూ కేకలేస్తూ వరండాలోకి పరిగెత్తారు. లోసా నడుముకున్న బట్ట తడిసి ముద్దయింది. గంజి కరిగి పొరలు ఊడిపోయాయి. చేత్తో పట్టుకుంటే తడి కాగితంలా చిరిగి వచ్చింది.

ఇంట్లో అమ్మ ఆ ముద్దను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరిని అడిగి తీశావే?"

"అమ్మమ్మని అడిగాను! సరేనంది. కావాలంటే మాకాని అడుగు!"

"అవునమ్మా, కనుబొమలు ఎత్తింది. నేను చూశాను," అన్నాడు మాకా, అమ్మకు అందకుండా తలుపు చాటు నుంచి.

అమ్మ గిరుక్కున తిరిగింది. "నిజమేనా అమ్మా? పెళ్ళి బట్ట నువ్వే ఇచ్చావా?"

అమ్మమ్మ అందరి మొహాలూ చూసింది. తడి బట్టను చూసింది. వెక్కుతున్న మనవరాలిని చూసింది.

"నేనే ఇచ్చాను," అంది మెల్లిగా. "దాన్నేం అనకు."

పిన్ని బయటికి వెళ్ళిపోయింది. అమ్మ కూడా ఆ సాయంత్రం అమ్మమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

లోసా తప్పించుకుంది. కానీ అన్నం పళ్ళెం పక్కకు జరిపింది. ప్రాణం పెట్టి చేసిన బట్టను ఎవరైనా అలా ఇచ్చేస్తారా?

మెల్లగా పాకలోకి వెళ్ళింది. అమ్మమ్మ చిన్న బెరడు ముక్క కొడుతోంది. లోసా పక్కన నిలబడి అడిగింది.

"అమ్మమ్మా, మన పంది టోపీ పెట్టుకుని చర్చికి వెళ్ళిందా?"

అమ్మమ్మ నవ్వి, కనుబొమలు పైకెత్తింది.

లోసాకు నవ్వు రాలేదు. చుట్టూ తిరిగి వచ్చి, ఎదురుగా కూర్చుని, అమ్మమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. సుత్తి ఆగింది.

"నేను బట్ట అడిగినప్పుడు నీకు వినపడలేదు కదూ?"

అమ్మమ్మ సుత్తి పక్కన పెట్టింది.

"ఇలా ఎదురుగా కూర్చుని చెబితే తెలుస్తుందే తల్లీ. పక్క నుంచి చెబితే గాలి వీచినట్టుంటుంది."

"మరి ఊరికే కనుబొమలు ఎందుకు ఎత్తుతావు?"

"మాటిమాటికీ 'ఏంటీ?' అంటే అందరూ విసుక్కుంటారు. 'అవును' అంటే ఎవరూ విసుక్కోరు." అమ్మమ్మ గొంతు తగ్గించింది. "మీ అమ్మకు చెప్పకు. చెవిటిదని తెలిస్తే ఆడవాళ్ళు నన్ను దుంగ దగ్గర కూర్చోనివ్వరు. అందరం కలిసి కొట్టేటప్పుడు తాళం తప్పకూడదు. నేను దుంగ అదురు మోకాలికి తగిలి తాళం పట్టుకుంటున్నానని వాళ్ళకు తెలీదు."

"నీకు వినపడదని నాకు తెలుసు అమ్మమ్మా," అంది లోసా. "పూర్తిగా కాదు... కొంచెం తెలుసు. అయినా అడిగాను. నేనే అమ్మకు చెబుతాను. నా తప్పు, నీ చెవులు, రెండూ. చెప్పనా?"

ఈసారి అమ్మమ్మ వెంటనే కనుబొమలు ఎత్తలేదు. ఆలోచించింది. తర్వాత ఎత్తింది.

అమ్మ అంతా విని ముందు కోప్పడింది. తర్వాత పాకలోకి వెళ్ళి అమ్మమ్మ పక్కన కూర్చుంది. ఆ వారమే అందరూ నెయాఫు టౌన్లోని ఆసుపత్రికి వెళ్ళారు. ఆనేసి అనే నర్సు అమ్మమ్మ చెవుల్లో లైటు వేసి చూసింది. హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేసింది.

"ఏళ్ళ తరబడి విన్న సుత్తి చప్పుడు వల్లే పెద్దమ్మా. పోయిన వినికిడి తిరిగి రాదు. చెవికి పెట్టుకునే మిషను తెప్పిస్తాను, బాగా సాయం చేస్తుంది. మిగిలింది కాపాడుకుందాం." ఆమె లోసా వైపు తిరిగింది. "నువ్వూ బెరడు కొడతావా? కొట్టాక చెవుల్లో గుయ్‌మంటుందా?"

లోసా కనుబొమలు వాటంతట అవే లేచాయి.

"అది చెవులు 'చాలు' అని చెప్పడం. చిన్నప్పుడే వాటి మాట వినాలి," అంటూ నర్సు మెత్తటి చెవి బిరడాలు గుప్పెడు ఇచ్చింది.

శనివారం ఊరి ఆడవాళ్ళు దుంగ చుట్టూ చేరారు, పెళ్ళికి కొత్త బట్ట చెయ్యడానికి. సంగతి విని ఒకావిడ పకపకా నవ్వింది.

"నీ మోకాలు మా చెవులకన్నా నయం కదమ్మా! నీ చోటు నీదే, కూర్చో. ఏదీ, ఆ బిరడాలు మాకూ ఇవ్వు."

బిరడాలు లోసా చెవికి పెద్దవయ్యాయి. గడ్డి కోసే మిషనుతో పాటు వచ్చి మేకుకు వేలాడుతున్న నాన్న చెవి మూతలు పెట్టుకుని, సాయంత్రం దాకా బెరడు కొట్టింది. పిన్ని వచ్చి ఆమె పక్కనే కూర్చుని సుత్తి అందుకుంది.

పని ముగిసే వేళకు మాకా అక్క చెవి మూత ఎత్తి గుసగుసలాడాడు. "అక్కా, జెట్టీ దగ్గర ఈతకు వెళ్దామా? సుత్తి ఆగకముందే అడిగెయ్!"

లోసా సుత్తి ఆగేదాకా కూర్చుంది. అమ్మమ్మకు ఎదురుగా వచ్చి, మోకాలు తట్టి, నిదానంగా అడిగింది.

"అమ్మమ్మా, ఈతకు వెళ్ళొచ్చా?"

అమ్మమ్మ ఆమె పెదాలను శ్రద్ధగా చూసింది. కనుబొమలు ఒక్క పిసరైనా కదల్లేదు.

"వద్దు. కెరటాలు పెద్దగా ఉన్నాయి. ముందు హోంవర్కు."

మాకా నేల మీద చతికిలపడ్డాడు. "చూశావా, నీ వల్లే!"

లోసా మాత్రం గంతులేసింది. "అమ్మా! పిన్నీ! విన్నారా? అమ్మమ్మ వద్దంది!"