సైఫర్‌కి ఐదో అర్థం

బావ మీద కాల్పులు జరిగినప్పుడు సున్నా వీధికి అవతలి పక్కన వంగి షూ లేసు కట్టుకుంటున్నాడు. మూడు తూటాలు. తలెత్తి చూసేసరికి బావ మెట్ల మీద కూలబడి, కాస్త ఆయాసం తీర్చుకుంటున్నవాడిలా గోడకు ఆనుకుని ఉన్నాడు. కారు నంబరు, రంగు, అది తిరిగిన మలుపు అన్నీ సున్నా గుర్తుపెట్టుకున్నాడు. గంటలో రిపోర్టు టైపు చేసి ఇచ్చాడు. అందులో ఒక్క అక్షరం తప్పు పోలేదు.

"నా మొగుడు పోతే నీకు ఏమీ అనిపించలేదారా?" అని అక్క అడిగింది.

సున్నా నిజాయితీగానే వెతుక్కున్నాడు. పన్ను పీకేముందు మత్తు సూది పొడిచాక దవడను వేలితో నొక్కి చూసుకున్నట్టుంది. వేలికి దవడ తెలుస్తోంది, దవడకు వేలు తెలియడం లేదు. "ఏమో అక్కా," అన్నాడు. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు.

డిపార్ట్‌మెంట్‌లో ఏజెంట్లందరికీ నంబర్లుంటాయి. ఏ రికార్డులోనూ ఉండకూడని ఏజెంటు కనుక అతనికి సున్నా ఇచ్చారు. ఎప్పుడూ ఏ భావమూ పలకని ఆ ముఖానికి ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

తొమ్మిదో రోజు చీఫ్ పిలిచాడు. కిటికీ లేని గది, బల్ల మీద ఒక మడత కాగితం.

"మీ బావ కాపలా కాస్తున్న ప్రొఫెసర్ గుర్తున్నాడుగా? ఆ విదేశీ ముఠాకి ఆయుధాలు డిజైన్ చేసి, మనసు విరిగి మన దగ్గరికి వచ్చేశాడు. సోమవారం సాక్ష్యం చెప్తాడు. అది ఆపాలని వాళ్ళు ఆ ఇల్లు పసిగట్టారు. ప్రొఫెసర్ పెరటి దారిన బయటపడ్డాడు. మీ బావ బయటపడలేదు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"కొత్త ఇంట్లో. ఆ అడ్రసు నీక్కూడా చెప్పను. తెలిసింది ఇద్దరికే. నాకు, ఆయన కాగితాలు అనువాదం చేస్తున్న మేడమ్‌కి."

"ఆవిడని నమ్మొచ్చా?"

"డబుల్ ఏజెంట్. జీతం వాళ్ళదగ్గర, పని మనకి. అయినా ఆమె ఫోన్ వింటున్నాం, ఉత్తరాలు చదువుతున్నాం, వెనకాల మనిషిని పెట్టాం. చీమ కూడా దూరదు." చీఫ్ తెలివైనవాడే. కాకపోతే అందమైన ఆడవాళ్ళ సంగతి వచ్చేసరికి ఆ తెలివి సెలవు చీటీ రాసి వెళ్ళిపోతుంది.

చీఫ్ మడత కాగితం విప్పాడు. అది ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువులో పేజీ. "బావని కాల్చినవాడు పారేసిన కోటు జేబులో దొరికింది. ఆ నిఘంటువు భాగాలు భాగాలుగా అచ్చవుతోంది. ప్రతి శుక్రవారం నాలుగింటికి చందాదారులు కౌంటర్లో కాపీ తీసుకుంటారు. అక్కడ పనిచేసే పద్దెనిమిది మందిలో ఎవరో ముఠా మనిషి. మేడమ్ కూడా అక్కడే ఎడిటర్. నీకు సాయం చేస్తుంది."

సున్నాకి నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. చెవికి వినికిడి మిషన్ పెట్టారు. అది నిజానికి చీఫ్‌తో మాట్లాడే రేడియో. జేబులో పెన్ను పెట్టారు. అది కెమెరా, ఫ్లాష్ కూడా ఉంది. అలా డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే పదునైన చెవులున్నవాడు, సగం చెవుడున్న ప్రూఫ్ రీడరుగా ఉద్యోగంలో చేరాడు.

నిఘంటువు ఆఫీసంతా చెక్క అరలు. అరల నిండా అరచేయంత చీటీలు. ఒక మాట ఎవరు, ఏ పుస్తకంలో, ఏ సంవత్సరంలో, ఏ పేజీలో వాడారో ఒక్కో చీటీ మీద రాసి ఉంటుంది. మేడమ్ సముద్రపు రంగు పట్టు బట్టల్లో, ఆ దుమ్ములో నలుసంటకుండా తిరుగుతోంది. ఆమె వెళ్ళిన రెండు నిమిషాల దాకా సెంటు వాసన అక్కడే ఉండేది.

"కిటికీ పక్క కుర్చీ ఖాళీయేనా?" సున్నా కోడ్ మాట అన్నాడు.

"కుర్చీ ఖాళీయే, కూర్చునేవాడే లేడు," అని ఆమె జవాబు కోడ్ చెప్పి నవ్వింది. ఆ నవ్వు చూసి పద్దెనిమిది మందిలో ఎవరికైనా గుండె ఝల్లుమనేది. సున్నాకి ఆమె పై వరస పళ్ళ లెక్క తెలిసింది, అంతే.

చీఫ్ ఎడిటర్ని అందరూ పెద్దాయన అంటారు. నలభై ఏళ్ళుగా అదే బల్ల, అదే ఎర్ర పెన్సిల్.

"చూడు బాబూ, ఈ వారం మాట సైఫర్," అని సున్నా చెవి దగ్గర అరిచాడు. "ఐదు అర్థాలు. ఒకటి, సున్నా. రెండు, లెక్కలోకి రాని మనిషి. మూడు, రహస్య లిపి. నాలుగు, పేరులో పొడి అక్షరాలు ఒకదాంట్లో ఒకటి పెనవేసి గీసిన ముద్ర. ఐదు, గాలి గొట్టాలతో మోగే ఆర్గన్ వాయిద్యంలో ఒక లోపం. మీట నొక్కకపోయినా గొట్టం దానంతటదే మోగుతూ ఉంటుంది."

"అన్నీ ఒక్క మాటేనా?"

"ఒక్కటే. మన సంస్కృత శూన్యం. అరబ్బులు దాన్ని సిఫ్ర్ అన్నారు, లాటిన్ వాళ్ళు సిఫ్రా అన్నారు, ఇంగ్లీషు వాళ్ళు సైఫర్ అన్నారు. అసలు శూన్యానికి ధాతువేంటో తెలుసా? ఉబ్బడం! ఉబ్బినదాని లోపల బోలుగా ఉంటుంది కదా. జనం ఆ బోలునే గుర్తుపెట్టుకున్నారు, ఉబ్బు మర్చిపోయారు." పెద్దాయనకి ఈ సంగతి చెప్పడమంటే పెళ్ళి భోజనంతో సమానం. తర్వాత ముఖం మాడ్చుకున్నాడు. "కానీ ఈ ఐదో అర్థం నా ప్రాణం తీస్తోందయ్యా. ఉదాహరణలు పాతది ముందు, కొత్తది వెనక పేర్చడం ఇక్కడ నియమం. రెండు ప్రూఫుల్లో దిద్దాను. రెండుసార్లూ తప్పుగానే తిరిగొచ్చాయి. పొద్దున మూడోసారి దిద్దాను, చూద్దాం."

మూడో ప్రూఫు శుక్రవారం మూడూ నలభై ఐదుకి సున్నా బల్ల మీదికి వచ్చింది. ఐదో అర్థం కింద మూడు ఉదాహరణలు. 1801, పేజీ 19. తర్వాత 1779, పేజీ 7. ఆ తర్వాత 1790, పేజీ 32. పెద్దాయన ఎర్ర పెన్సిల్ మాట మూడోసారీ గాలికిపోయింది.

నిఘంటువు మనుషులు అన్నం మానేస్తారు గానీ సంవత్సరాల వరస తప్పరు. ఎవరికో సంవత్సరాలతో పనిలేదు, పేజీ నంబర్లు ఈ వరసలోనే కావాలి. పెద్దాయన బల్లకీ ప్రెస్సుకీ మధ్య ప్రూఫులు మోసేది ఒక్కరే. మేడమ్.

"చీఫ్," అన్నాడు వినికిడి మిషన్లోకి. "పంతొమ్మిది, ఏడు, ముప్ఫై రెండు. ఏమైనా తెలుస్తోందా?"

"పంతొమ్మిదో వీధి, ఏడో నంబరు, ముప్ఫై రెండో ఫ్లాటు. ప్రొఫెసర్ అక్కడే ఉన్నాడు." చీఫ్ కుర్చీ వెనక్కి తోసి లేచిన చప్పుడైంది. "ఆయన్ని తరలించడానికి అరగంట పడుతుంది. వాళ్ళ మనుషులు కార్లలో రెడీగా ఉంటారు, అడ్రసు అందితే పది నిమిషాలు చాలు. ఆ కాపీ బయటికి పోకూడదు!"

సున్నా మెట్లు దిగాడు. ప్రెస్సు వసారాలో మేడమ్ నిలబడి ఉంది. చేతిలో బుల్లి పిస్తోలు. వెనక అద్దంలోంచి కౌంటరు కనిపిస్తోంది. బూడిద రంగు టోపీవాడు కాపీ చంకన పెట్టుకుని గుమ్మం దాటుతున్నాడు. గోడ గడియారంలో నాలుగైంది.

"ఆలస్యమైంది సున్నాగారూ," అంది మెల్లగా. "పది నిమిషాలు ఇక్కడే కూర్చుందాం. ఆ తర్వాత మీరు ఎవరికి కావాలంటే వాళ్ళకి చెప్పుకోండి."

"మా బావ కాపలా ఉన్న ఇంటి అడ్రసు కూడా ఇలాగే అచ్చు వేశారా?"

"అప్పుడు వేరే మాట. అక్షరాలు మారతాయి, పని మారదు." ఆమె అతని ముఖంలోకి కుతూహలంగా చూసింది. "మీకు నిజంగానే ఏమీ అనిపించదా?"

ఇదే ప్రశ్న రెండోసారి. సున్నా జవాబు వెతుక్కునేలోపే ప్రెస్సు తలుపు తన్నుకుంటూ పెద్దాయన వచ్చాడు. మోచేతుల దాకా సిరా.

"ఏమమ్మాయ్! మూడుసార్లు దిద్దితే మూడుసార్లూ అదే తప్పా? ఇక నిన్ను నమ్మేది లేదని, మెషిన్ ఎక్కిన అచ్చు ఆపించి, సీసపు అక్షరాలు నా చేత్తో నేనే పేర్చాను. 1779, 1790, 1801! నా నిఘంటువు వరస తప్పి బయటికి పోతుందా?"

మేడమ్ ముఖం పాలిపోయింది. ఆమె తల ఆయన వైపు తిప్పిన ఆ క్షణంలో సున్నా పెన్ను నొక్కాడు. ఫ్లాష్ కళ్ళల్లో పడింది. మరు క్షణం పిస్తోలు అతని చేతిలో, ఆమె మణికట్టు అతని గుప్పిట్లో ఉన్నాయి.

"చీఫ్, వరస మారింది. ఏడు, ముప్ఫై రెండు, పంతొమ్మిది. ఏడో వీధి, ముప్ఫై రెండో నంబరు, పంతొమ్మిదో గది."

"అది మూతపడ్డ లాడ్జి. మన స్టేషన్ ఎదురుగానే!" చీఫ్ అరిచాడు. "రోడ్డు దాటితే చాలు."

నాలుగూ పన్నెండుకి ఐదుగురు విదేశీయులు తుపాకులతో పంతొమ్మిదో గది తలుపు పగలగొట్టారు. లోపల ప్రొఫెసర్ లేడు, అర నిమిషం ముందే చేరి మంచాల వెనక నక్కిన పద్నాలుగు మంది పోలీసులున్నారు. ఆ ఐదుగురిలో బావని కాల్చినవాడు కూడా దొరికాడు.

పెద్దాయనకి ఇవేవీ పట్టలేదు. మేడమ్‌ని తీసుకుపోతుంటే, "ఇంతకీ ఆ మూడు చీటీలు అసలువేనా, సొంత కల్పనా?" అని వెనకాలే పరిగెత్తాడు.

సున్నా అక్క ఇంటికి వెళ్ళాడు. ఆమె బావ చొక్కాలు మడతపెట్టి అట్టపెట్టెలో సర్దుతోంది. తలెత్తలేదు.

"దొరికాడక్కా," అన్నాడు. ఆమె చెయ్యి ఆగింది.

పైన ఉన్న చొక్కాకి రెండో గుండీ లేదు. పోయిన నెల బావ ఆ గుండీ కోసం సున్నా కారంతా వెతికించాడు. అది గుర్తొచ్చేసరికి ఇన్ని రోజులుగా గొంతులో ఏముందో సున్నాకి అర్థమైంది. అక్కడ ఉన్నది ఖాళీ కాదు, ఉబ్బు. ఎవరూ ఏమీ అనకుండానే అతని నోట్లోంచి ఒక శబ్దం మొదలైంది. ఎంతసేపటికీ ఆగలేదు. అక్క దగ్గరికి వచ్చి అతని తల తన భుజానికి ఆనించుకుంది.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని అడిగింది. "అంత పెద్ద ముఠాని ఒక్కడివే ఎలా పట్టుకున్నావురా?"

"నేనెక్కడ పట్టుకున్నానక్కా," అన్నాడు సున్నా ముక్కు చీదుకుంటూ. "ప్రూఫ్ రీడర్ని నేను. తప్పు దిద్దింది మాత్రం ఎడిటరే."