కొంగున కట్టిన ఫ్యూజు

ఆటోనగర్ వెనక కాలనీలో చివరి సందుకి పొద్దుగూకాక ఎవరూ వెళ్ళరు. పగలంతా లారీ బాడీలు కొట్టే సుత్తుల మోతతో దద్దరిల్లే చోటే... దీపాలు పెట్టే వేళకి ఆ సందు మొహం మారిపోతుంది. ఆటో ఎక్కి వస్తే సందు మొదట్లోనే దింపేస్తారు. "నాలుగడుగులేనండీ, నడిచిపోండి" అంటారు. లోపలికి ఎందుకు రారో మాత్రం చెప్పరు.

సందు చివర ఒక డాబా ఇల్లు. దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు. చెడ్డపేరంతా ఆ షెడ్డుదే.

అందులో బాలశౌరి అనే వెల్డరు చచ్చిపోయాడట. మిషను విప్పుకుని, రెండు చేతులూ దాని కడుపులో పెట్టి పనిచేసుకుంటుంటే కరెంటు వచ్చేసిందట. అప్పట్నించీ, చీకటి పడ్డాక, ఆ రేకుల సందుల్లోంచి నీలం వెలుగు కనిపిస్తుందని చెప్పుకుంటారు. కరెంటు కనెక్షనే లేని షెడ్డులో! ఆ వెలుగుకి ముందు ఒక కేక...

"కళ్ళు!"

వెల్డింగు షాపుల ముందునుంచి నడిచినవాళ్ళకి ఆ కేక తెలుసు. రాడ్డు ఇనుముకి తగిలించబోయే ముందు, పక్కవాళ్ళని కళ్ళు మూసుకోమని వెల్డరు వేసే కేక అది. అక్కడైతే మూసుకోకపోయినా రాత్రికి కళ్ళు మండి ఊరుకుంటాయి. ఈ షెడ్డు దగ్గర అలా కాదు. మూసుకోనివాళ్ళకి — లోపలున్న మనిషి కనిపిస్తాడట.

అలాంటి ఇల్లు కొన్నాడు లక్ష్మీకాంత్. బస్సు డిపోలో వెల్డరుగా చేరి, ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. ఇల్లు చూడ్డానికని వచ్చి ఇల్లు చూడలేదు. షెడ్డు తలుపు తీయించి, మూల గోనెపట్టాల కింద పడున్న పాత ఆర్క్ వెల్డింగు మిషను చూశాడు. బియ్యం డ్రమ్మంత లావు. కింద ఇనప చక్రాలు, నెత్తిమీద తిప్పే పిడి, కడుపు నిండా నల్లబడిన నూనె. ముందున్న ఇత్తడి రేకు మీద కంపెనీ పేరు అరిగిపోయింది.

"సుధా, ఇలాంటి దానిమీదే నేను పని నేర్చుకుంది. ఇప్పుడన్నీ సంచిలో వేసుకుపోయే మిషన్లు. ఇది మళ్ళీ దొరకదే!" అంటూ దాని వీపు నిమిరాడు.

"పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇంత మురిపెంగా చూళ్ళేదు," అంది భార్య సుధామణి.

నవ్వేసింది గానీ, ఆవిడ భయం ఆవిడకుంది. దెయ్యం గురించి కాదు. ఈమధ్య ఆవిడకి మరుపు వస్తోంది. పాలు పొయ్యి మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోతోంది. చెప్పిందే చెబుతోంది. వాళ్ళమ్మ పద్మావతమ్మకీ ఇలానే మొదలైంది. ముందు తాళంచెవులు, తర్వాత పేర్లు... చివరికి పామర్రులో మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి పెడుతున్న కూతుర్ని పట్టుకుని, "ఎవరమ్మా నువ్వు? చాలా మంచిదానివి" అంది.

ఆ మెచ్చుకోలు సుధామణి ఇంతవరకూ మరిచిపోలేదు. అదీ మరిచిపోయే రోజొకటి వస్తుందేమోనని రాత్రుళ్ళు నిద్ర పట్టదు.

సరే, మిషను బాగుచేయడం మొదలైంది. షెడ్డుకి కొత్తగా లైను లాగించాడు లక్ష్మీకాంత్. పాత నూనె వంపేశాడు. తుప్పు గీకాడు. రాగి చుట్టల మీద చివికిపోయిన గుడ్డ టేపు ఊడదీసి, కొత్తది చుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టాడు. ఇల్లంతా అదే వాసన. కాఫీలో కూడా.

పనిలో ఆయనకో పద్ధతి ఉంది. మిషను విప్పేముందు వరండాలో ఉన్న బోర్డులోంచి షెడ్డు తాలూకు పింగాణీ ఫ్యూజు పీకేయాలి. పీకినదాన్ని బోర్డు మీదో కిటికీలోనో పెట్టకూడదు. వేరే మనిషి దగ్గరుండాలి. పనిచేసేవాడు బయటికొచ్చి, నోటితో అడిగితేనే తిరిగి ఇవ్వాలి.

"నీ కొంగున కట్టుకో. నా ప్రాణం నీ కొంగున ఉందనుకో," అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడుందేంటి?"

"అదీ నిజమే."

"హాస్యం కాదండీ... నాకివ్వకండి. నేను మర్చిపోతున్నాను."

"అందుకేనే కొంగున కట్టుకోమంది. ముడి తగిలినప్పుడల్లా గుర్తొస్తుంది."

నిజమే. కూర తరుగుతున్నా, ముగ్గు వేస్తున్నా ఆ ముడి బరువుగా తగిలేది. వెంటనే విప్పి చూసుకునేది. ఫ్యూజు ఉందా... ఉంది. మళ్ళీ కట్టుకునేది.

ఒకరోజు పొద్దున్నే చేపల రత్తమ్మ గుమ్మంలో బుట్ట దించి, ఆ ముడి వంక అదోలా చూసింది.

"ఏందమ్మగారూ అది, కొంగున?"

సుధామణి చెప్పింది. రత్తమ్మ చేతిలో చేప బుట్టలోకి జారిపోయింది.

"ఆదెమ్మక్క కూడా ఇట్టాగే కట్టుకునేదండీ..."

"ఆదెమ్మెవరు?"

"బాలశౌరి పెళ్ళాం." రత్తమ్మ గొంతు తగ్గించింది. "ఆ పూట ఆయన టీ తాగడానికి బయటికొచ్చాడంట. పనైపోయిందనుకుని ఈవిడ ఫ్యూజు పెట్టేసింది. ఆయన మళ్ళీ లోపలికెళ్ళింది చూళ్ళేదో... చూసి మర్చిపోయిందో. పెట్టేముందు ఒక్క కేకేసినా బతికేవోడు గదే అని ఊరంతా అన్నారు. ఆయమ్మ పోయేదాకా అంతే అండీ. కొంగు విప్పి చూసుకోడం, మళ్ళీ కట్టుకోడం. అందులో ఏం ఉండేది కాదు."

సుధామణి చెయ్యి తనకి తెలియకుండానే ముడి మీదకి పోయింది.

"రాత్రిళ్ళు అరిచేది ఆయనేనంటారమ్మా. తలుపేసుకుని పడుకోండి," అని బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. చేపల సంగతే మర్చిపోయింది.

ఆ వారంలోనే... సన్నగా తుంపర పడుతున్న సాయంత్రం.

మిషను దాదాపు అయిపోయింది. కొత్త నూనె పోయడమే మిగిలింది. లక్ష్మీకాంత్ బయటికొచ్చి, వరండాలో నిలబడే కాఫీ తాగాడు. "ఒక్క స్క్రూ బిగించి నూనె పోస్తే అయిపోయినట్టే" అని గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళాడు.

సుధామణి గోంగూర ఒలుస్తోంది. షెడ్డు రేకుల మీద వాన గట్టిగా పడసాగింది. ఆ చప్పుడు ఆవిడ చెవులకి బాత్‌రూములో నీళ్ళు పోసుకుంటున్నట్టు వినిపించింది. ఖాళీ గ్లాసు కనిపించింది. పాపం, పని ముగించుకుని స్నానం చేస్తున్నాడు అనుకుంది. గ్లాసు తీద్దామని లేచేసరికి కొంగులో ఏదో బరువుగా తగిలింది. ముడి విప్పింది.

ఇదేంటి, ఇది ఇంకా ఇక్కడే ఉంది?

ఏ వస్తువు చోటు దానికుంటుంది. ఆవిడ ఇల్లు సర్దుకునే తీరే అది. బోర్డు దగ్గరకి వెళ్ళింది. ఫ్యూజు దాని గూట్లో ఆనించింది. నొక్కబోతోంది —

"కళ్ళు!"

షెడ్డులోంచి. మొగుడి గొంతు!

ఆవిడ కళ్ళు మూసుకుపోయాయి. కానీ చెయ్యి ఆగలేదు... ఫ్యూజు లోపలికి దిగిపోయింది.

మూసిన రెప్పల మీదే భగ్గుమంది. పిడుగు పడ్డట్టు చప్పుడు. తర్వాత వాన చినుకులు తప్ప ఏమీ లేదు.

"ఏమండీ...!"

ఎలా పరిగెత్తిందో తెలియదు. షెడ్డంతా కాలిన వాసన. మిషను పక్కన నేలమీద చతికిలబడి ఉన్నాడు లక్ష్మీకాంత్. రెండు చేతులూ మొహం మీద ఉన్నాయి. కదలడం లేదు.



మెల్లగా ఆ చేతులు దిగాయి. "బతికే ఉన్నానే," అన్నాడు. పళ్ళు టకటకమంటున్నాయి. "నువ్వు అరవబట్టి..."

"నేనా?"

"కళ్ళూ అన్నావుగా. డిపోలో ఏళ్ళ తరబడి అలవాటు... ఆ మాట వింటే చేతులు వాటంతటవే కళ్ళ మీదకొస్తాయి. లోపలున్న రెండు చేతులూ బయటికొచ్చేశాయి. స్క్రూడ్రైవరు జారి పడింది. చూడు."

స్క్రూడ్రైవరు రెండు వైర్ల మధ్య అడ్డంగా అతుక్కుపోయి, నల్లగా మాడిపోయి ఉంది. ఆ క్షణానికి ముందు అక్కడున్నవి ఆయన వేళ్ళు.

"నేను అరవలేదండీ," అంది సుధామణి. "అరిచింది మీరు. మీ గొంతే... నేను విన్నాను."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు.

"నీ గొంతే సుధా." ఆ మాట వీలైనంత మెత్తగా అన్నాడు. "అరిచి... మర్చిపోయావేమో."

ఆ మెత్తదనమే ఆవిడని చంపేసింది. మొగుడు తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది.

"పోన్లే. రేపు డాక్టరు దగ్గరికి వెళదాం. ఈ మిషను తూకానికి అమ్మేస్తాను," అన్నాడు. అన్నం తిని, అలిసిపోయి పడుకున్నాడు.

సుధామణికి నిద్ర లేదు. అరిచింది తనే అయితే... నోటినుంచి వచ్చిన కేకే నిమిషంలో మర్చిపోయిందంటే... ఇంకేం మిగిలింది? మొదలైపోయినట్టే. ఇక తాళంచెవులు, పేర్లు, పక్కన కూర్చున్న మనిషి. తను కాదంటే మాత్రం — షెడ్డులో ఇంకెవరో ఉన్నట్టు.

దెయ్యం నిజంగా ఉండాలని దేవుడికి మొక్కుకున్న మనిషి ఆ సందులో ఆవిడొక్కతే.

లేచింది. చప్పుడు కాకుండా వరండాలోకి వచ్చి ఫ్యూజు పీకింది. అందులో తీగ సాయంత్రమే కాలిపోయింది. అయినా పీకి, కొంగున గట్టిగా ముడేసుకుంది. షెడ్డు తలుపు తోసి గడపలో నిలబడింది.

చీకటి. చూరునుంచి చుక్కలు పడుతున్నాయి. ఎక్కడో బందరు రోడ్డు మీద లారీ హారను... అదీ ఆగిపోయింది.

నిలబడింది. నిలబడే ఉంది.

"కళ్ళు..."

ఈసారి కేక కాదు. చెవి పక్కనే గుసగుస.

రెప్పలు వాలిపోబోయాయి. రెండు వేళ్ళతో రెప్పలు పైకి పట్టుకుంది. చూడాలి. ఏమైనా సరే... చూసి తీరాలి.

షెడ్డంతా నీలంగా వెలిగింది.

మిషను దగ్గర మగమనిషి ఉంటాడంటారు కదా, లేడు.

ఒక ఆడమనిషి ఉంది. తల వంచుకుని నిలబడి ఉంది. కొంగు ముడి విప్పి చూసుకుంటోంది. అందులో ఏమీ లేదు. మళ్ళీ కట్టుకుంటోంది. మళ్ళీ విప్పుతోంది... పెదాలు కదులుతున్నాయి. ఆ పూట వేయని ఒక్క కేక, ఇన్నేళ్ళూ వేస్తూనే ఉంది.

వెలుగు పోయింది.

సుధామణి ఒళ్ళంతా చెమట. కానీ లోపల్నించి ఏదో తేలికగా, చల్లగా పైకొచ్చింది. నవ్వొచ్చింది.

"అమ్మయ్య... ఆదెమ్మా, నువ్వా! నేను మర్చిపోలేదు. అరిచింది నేను కాదు."

మొగుణ్ణి లేపి చెప్పాలి. డాక్టరూ వద్దు, ఏమీ వద్దు. ఆదరాబాదరా వరండాలోకి వచ్చి, దీపం కింద ఆగింది. చెప్పేముందు ఒక్కసారి సరిచూసుకోవాలిగా... ముడిలో ఫ్యూజు ఉంది. ఉన్నది ఉన్నట్టే ఉంది. కట్టుకుంది.

తలుపు మీద చెయ్యి వేయబోయింది. చెయ్యి రాలేదు.

కిందకి చూసింది.

తన చేతులు రెండూ కొంగు ముడి విప్పుతున్నాయి. చూసుకుంటున్నాయి. మళ్ళీ కడుతున్నాయి. మళ్ళీ విప్పుతున్నాయి...

తూర్పున తెల్లవారుతోంది. పాల ప్యాకెట్లు గుమ్మంలో వేసి ఉన్నాయి.

ఎంతసేపట్నించి అక్కడ అలా నిలబడి ఉందో — ఆవిడకి గుర్తు లేదు.